నూస్ఫియర్: షార్దాన్ చెప్పిందా, వెర్నాడ్‌స్కీ చెప్పిందా, ఏది మేలు?

భూమి మీద ముందు రాయి, తర్వాత జీవం, ఇప్పుడు మనుషులందరి ఆలోచనా కలిసి ఇంకో పొర కడుతోంది, దాని పేరే నూస్ఫియర్. 1920ల్లో పారిస్‌లో ముగ్గురి మధ్య పుట్టిన మాట ఇది: తత్వవేత్త ఎదువార్ ల్ రువా, జెసూయిట్ (క్యాథలిక్ సన్యాసుల సంఘం) ఫాదర్ తెయార్ ద షార్దాన్, పారిస్ విశ్వవిద్యాలయం సోర్బాన్‌లో పాఠాలు చెప్పడానికొచ్చిన రష్యన్ భూరసాయన శాస్త్రవేత్త వెర్నాడ్‌స్కీ. పేరు ఒకటే, దారులు వేరు.

షార్దాన్‌ని చదివితే ముందు భలే ఊపు వస్తుంది. చైనాలో పీకింగ్ మానవుడనే ఆదిమానవుడి ఎముకల తవ్వకాల్లో పనిచేసిన మనిషి, పరిణామం గురించి గాలిమాటలు చెప్పే రకం కాదు. కానీ మన ఆలోచనలన్నీ దగ్గరవుతూ చివరికి ఒమేగా బిందువు దగ్గర ఒక్కటవుతాయంటాడే, అక్కడ నా బండి ఆగిపోతుంది. అది తప్పయితే తప్పని ఎలా తెలుస్తుంది? చర్చి అడ్డుపడటంతో ఆయన ముఖ్యమైన పుస్తకం 1955లో ఆయన పోయాకే అచ్చయింది, తీరా వచ్చాక 1961లో జీవశాస్త్రవేత్త పీటర్ మెడావర్ దాన్ని ఉతికి ఆరేశాడు. ఇటు చర్చికీ పనికిరాలేదు, అటు సైంటిస్టులకీ నచ్చలేదు, పాపం. (మనవాళ్లకి ఇదంతా వింటే పుదుచ్చేరి అరవిందులు గుర్తొస్తారు. మనిషి చివరి మెట్టు కాదని ఆయనా అన్నారు, కాకపోతే ఆయన దారి యోగసాధన.)

వెర్నాడ్‌స్కీ అలా కాదు, చేతికి తగిలేది చూపిస్తాడు. ప్రకృతిలో విడి లోహంగా దాదాపు దొరకని అల్యూమినియాన్ని మనిషి కావలసినంత తయారు చేసేస్తున్నాడు, ఇంతకంటే రుజువేం కావాలి అంటాడు. వంటింట్లో గిన్నె చూస్తే చాలు. వరి చేలో చల్లే యూరియా కూడా అంతే, అందులో నైట్రోజన్ గాలిలోంచి పట్టిందే. ఆలోచన అనేది రాయినీ గాలినీ కదిలిస్తోందంటే నేను నమ్ముతాను, ఎందుకంటే తూకం వేసి చూసుకోవచ్చు. ఆయనకీ లోపం ఉంది, ఆశ మరీ ఎక్కువ. అణుశక్తితో మనిషి తనని తానే నాశనం చేసుకుంటాడా అని 1922లోనే అడిగినవాడు, 1943లో, యుద్ధం మధ్యలో, 80 ఏళ్ల వయసులో నూస్ఫియర్ వచ్చేస్తోందని ధీమాగా రాశాడు. 1945 జనవరిలో పోయాడు. హిరోషిమా ఆ ఆగస్టులో.

అయినా నా ఓటు వెర్నాడ్‌స్కీకే. ఒక్క చోట మాత్రం షార్దాన్ వైపు మొగ్గుతాను. నిజంగా కలిస్తే మనిషి గుంపులో కరిగిపోడు, ఇంకా తనలా తయారవుతాడని ఆయన వాదన. వెర్నాడ్‌స్కీ ఈ సంగతి పెద్దగా పట్టించుకోలేదు. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో నలభై మందిమి కలిశాం, పొద్దున్నే పదిమంది దగ్గర్నుంచి ఒకటే గుడ్ మార్నింగ్ బొమ్మ వస్తుంది.