విదేశీ నృత్య శిక్షణ అంటూ ఆడిషన్లు పెడుతున్నారు, డబ్బు కట్టేముందు ఇది చదవండి

హనుమకొండ, కాజీపేటల్లో పిల్లలను పేరిణికో కూచిపూడికో పంపుతున్న తల్లిదండ్రులకు ఒక మాట. 'యువ కళాకారులకు వియన్నాలో వేసవి నృత్య శిక్షణ' అంటూ పోయినేడాది మాతో డబ్బు కట్టించుకున్న కన్సల్టెన్సీ మళ్లీ ఆడిషన్లు పెడుతోంది. వాళ్లు అమ్మేది ఎంపిక. అక్కడ అసలు ఎంపికే లేదు.

ఆడిషన్ ఘనంగానే చేస్తారు. ఫంక్షన్ హాలు, వేదిక వెనుక రామప్ప మదనికల ఫ్లెక్సీ, ముందు వరుసలో శాలువాలు కప్పుకున్న పెద్దమనుషులు. మా అమ్మాయి జతి సగంలో ఉండగానే పాట ఆపేసి చప్పట్లు కొట్టారు. ఆ రోజు వచ్చినవాళ్లలో ఎంపిక కానివారు ఒక్కరూ లేరు. తన బిడ్డ నెగ్గిందని విన్న తల్లి పక్కవాళ్ల లెక్క తీయదని వాళ్లకు బాగా తెలుసు.

సీటు ఖాయం చేయడానికి 40 వేలు, తర్వాత విడతలుగా కలిపి మొత్తం 3 లక్షల 20 వేలు తీసుకున్నారు. ఇచ్చిన 'ఎంపిక పత్రం'లో అమ్మాయి పేరు ఒక రకం అక్షరాల్లో, మిగతాదంతా ఇంకో రకంలో ఉంది. అడుగున చిన్నగా ఒక బుకింగ్ నంబరు. వియన్నాలోని నిర్వాహకులకే మెయిలు పెడితే తేలింది: అది వారం రోజుల వర్క్‌షాపు నమోదు సంఖ్య, డబ్బు కడితే ఎవరికైనా వస్తుంది.

వియన్నాలో నృత్య శిక్షణ బూటకమేమీ కాదు. 1984లో మొదలైన ఇంపుల్స్‌టాంజ్ ఉత్సవం అక్కడ ఏటా జూలై, ఆగస్టుల్లో జరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకూ వర్క్‌షాపులుంటాయి, నేరుగా పేరు నమోదు చేసుకోవచ్చు. పోటీపడి తెచ్చుకోవాల్సిన స్కాలర్‌షిప్పులు వేరు. మొదటిదాన్ని రెండోదిగా చూపించడమే వీళ్ల వ్యాపారం. కరపత్రంలో 'వేసవి సెలవుల్లోనే' అని కూడా వేశారు. అక్కడి ఉత్సవం వచ్చేసరికి మన బడులు తెరిచి దాదాపు నెలవుతుంది!

వీసా పేరిట 60 వేలు రాశారు. వియన్నా ఉన్న ఆస్ట్రియాకు కావాల్సింది షెంజెన్ వీసా, అంటే చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా ఇచ్చేది. దాని రుసుము 12 ఏళ్లు నిండినవారికి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు వారికి 45. వీసా కేంద్రం సేవా రుసుము, 30 వేల యూరోలకు తగ్గని వైద్య బీమా అదనం. అన్నీ కలిపినా అంత కాదు. దరఖాస్తు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే వేయవచ్చు. వీళ్లు మాత్రం రేపు, మాపు అంటూ జూలై దాకా లాగారు. ప్రయాణం అక్కడితో ముగిసింది.

అమెరికా అయితే టూరిస్టు వీసా చాలు అని చెప్పేవాళ్లూ ఉన్నారు. వారానికి 18 గంటలు దాటిన చదువుకు అక్కడ విద్యార్థి వీసా కావాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా సాధన చేయించే శిబిరంలో ఆ గంటలు మూడు నాలుగు రోజుల్లోనే అయిపోతాయి.

డబ్బు తిరిగి అడిగితే రశీదు వెనక్కి తిప్పి, 'తిరిగి ఇవ్వబడదు' అన్న వరుస మీద వేలు పెట్టి చూపించారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాం. కట్టిన మొత్తం 5 లక్షల లోపయితే రుసుము లేదు, లాయరు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తే దారి చెబుతారు. పోయినేడాది కట్టినవాళ్లు పత్రం పారేయకండి, అడుగున ఉన్న నంబరు చూడండి. మా అమ్మాయి పత్రం మీది నంబరే ఇంకో ఇంట్లోనూ దొరికింది.