ఇంటికొచ్చి నల్లా మీటరు బిగిస్తామంటున్నారా? డబ్బులు ఇచ్చేముందు ఇది చదవండి

హైదరాబాద్‌లో సొంతిల్లు ఉండి, నల్లాకు ఇంకా మీటరు పెట్టించుకోని వాళ్ల కోసం రాస్తున్నాను. కాప్రా, మల్కాజిగిరి, ఉప్పల్ వైపు వాళ్లు మరీ ముఖ్యంగా చదవండి. మా గల్లీలో మూడిళ్లవాళ్లం తలా 3,600 రూపాయలు పోగొట్టుకున్నాం. పోయిన డబ్బుల కన్నా నాకు ఎక్కువ మండుతున్నది ఏంటంటే, మీటరు ఉంది కదా అన్న ధీమాతో ఐదు నెలలు బిల్లు సరిగ్గా చూడనేలేదు.

మీటరు బిగిస్తానంటూ ఒకతను ఒక మధ్యాహ్నం వచ్చాడు. మాకు నీళ్లు వదిలే రోజు కాదది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. నీలం చొక్కా, మెడలో ట్యాగు, భుజాన రెంచీల బ్యాగు. "మేడమ్, మీటరు లేని కనెక్షన్లకు ఈ నెలాఖరుతో ఫ్రీ వాటర్ బంద్. మీ క్యాన్ నంబరు ఇదే కదా?" అని నల్లా బిల్లు మీదుండే ఆ ఖాతా నంబరు తొమ్మిది అంకెలూ గడగడా చదివేశాడు. నంబరు తప్పు లేకుండా చెప్పేసరికి జలమండలి (వాటర్ బోర్డు) మనిషేననుకున్నాను. పోయిన నెల బిల్లు మా గేటు సందులో దోపినది దోపినట్టే ఉందని, నంబరు దాని మీద చూసే చదివి ఉంటాడని తర్వాత గానీ తట్టలేదు.

అతను చెప్పిన దాంట్లో సగం నిజం కాబట్టే నమ్మాం. నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీళ్లు 2020 చివర్లో జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో ఇచ్చిన హామీ, 2021 జనవరిలో మొదలైంది. బస్తీల్లోని కనెక్షన్లకు మీటరు నుంచి మినహాయింపు ఇచ్చారు. మిగతా ఇళ్లకు పనిచేసే మీటరు ఉండాలి, క్యాన్ నంబరుకు ఆధార్ లింకు అయి ఉండాలి. గడువు 2021లో పలుమార్లు పొడిగించారు. అందుకే "ఇదే లాస్ట్ డేట్" అని ఎవరన్నా జనం ఉలిక్కిపడతారు. అతనికి కావలసింది కూడా ఆ ఉలికిపాటే.

గంటలో పని ముగించాడు. పైపు కోసి, మీటరు బిగించి, టేపు చుట్టి, రసీదు చేతిలో పెట్టాడు. రసీదు మీద "వాటర్ మీటర్ 15 ఎంఎం - 1" అని ఒక్క ముక్క. మీటరు నంబరు లేదు, జీఎస్టీ నంబరు లేదు, షాపు పేరు కింద అడ్రసు లేదు. "ఆన్‌లైన్‌లో అప్‌డేట్ అయిపోతుంది మేడమ్, ఒకటి రెండు బిల్లులు పడుతుంది" అన్నాడు. పోతూ పోతూ, నల్లా పైపుకే చిన్న మోటారు తగిలిస్తే సంపు అరగంటలో నిండుతుందని అది కూడా అమ్మబోయాడు. పుణ్యాన మా అత్తయ్య అడ్డం పడింది. నల్లాకు నేరుగా మోటారు పెడితే 5,000 జరిమానా, పైగా మోటారు పట్టుకుపోతారు. 2025 ఏప్రిల్ నుంచి బోర్డు వాళ్లు దీనికోసం ప్రత్యేకంగా తిరిగి తనిఖీలు చేశారు. బోర్డు తరఫున వచ్చానని చెప్పేవాడు ఆ మోటారే అమ్మజూస్తుంటే అప్పుడే అనుమానం రావాలి. నాకు రాలేదు.

మొదట అనుమానం వచ్చింది అత్తయ్యకే. మాకు నీళ్లు రోజు విడిచి రోజు, తెల్లవారుజామున ఐదింటికి వస్తాయి. ఆవిడ ఫోను టార్చి వేసుకుని మీటరు దగ్గర కూర్చుని నన్ను కేకేసింది: "ఒసేయ్, నీళ్లు ఇంకా రానేలేదు, ఇది గిర్రున తిరుగుతోంది చూడు!" నిజమే. పైపులో చుక్క లేదు, బుస్సుమని గాలి వస్తోంది, లోపల నక్షత్రం లాంటి చిన్న చక్రం ఫ్యాను లాగా తిరుగుతోంది. దీనికి మాత్రం అతన్ని పూర్తిగా తప్పుపట్టను. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే ఊళ్లో పైపుల నిండా గాలి ఉంటుంది, నీళ్లు వదలగానే అది ముందు తోసుకొస్తుంది, మంచి మీటరైనా కొంత తిరుగుతుంది. కానీ మాది ఆగకుండా తిరుగుతుంటే కొలిచి చూడాలనిపించింది.

కొలవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. మీటరు ముఖం మీద నల్ల అంకెలు కిలోలీటర్లు, అంటే చివరి అంకె ఒకటి పెరిగితే వెయ్యి లీటర్లు. కింద ఎర్ర ముళ్లుంటాయి. వాటిలో ×0.01 అని రాసి ఉన్న ముల్లు ఒక చుట్టు తిరిగితే వంద లీటర్లు. సంపులో పడే పైపు మూతి దగ్గర 20 లీటర్ల వాటర్ క్యాన్లు ఐదు వరుసగా పట్టాం. గాలంతా పోయి ధార కుదురుగా పడేటప్పుడే పట్టాం. ముల్లు ఒక్క చుట్టు తిరగాలి. ఒక చుట్టు తిరిగి, ఇంకో చుట్టులో మూడో వంతు దాకా పోయింది. అంటే వంద లీటర్లు వాడితే నూటముప్పై చూపిస్తోంది. మరుసటి విడతలోనూ అంతే.

ఇది చిన్న తేడా కాదు. నెలకు 20 వేల లీటర్లంటే రోజుకు 660 పైచిలుకు. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన నలుగురున్న ఇంటికి నెలకు పదహారు వేల చిల్లర అవుతుంది, హాయిగా లోపలే ఉంటుంది. అదే వాడకాన్ని ఈ మీటరు ఇరవై ఒక్క వేలు అంటుంది. పరిమితి దాటాక నీటి చార్జీ, దాని మీద మురుగు సెస్సు. పొదుపుగా వాడుకున్నా లాభం లేదు, బకెట్లో బట్టలు ఉతికి మరీ మీటరు చేతిలో ఓడిపోతాం.

ఆ లెక్కన ఎక్కువ బిల్లు రావాలి కదా అని అప్పుడు తీసి చూశాను బిల్లులన్నీ. అసలు మీటరు రీడింగే లేదు వాటిలో! ఐదు నెలలుగా మీటరు లేని కనెక్షన్ కిందే బిల్లు వస్తోంది, ఉచితం ఒక్క నెల కూడా తగ్గించలేదు. మీటరు నంబరు రాసుకుని ఆఫీసుకు పోతే, ఆ నంబరుతో మీ పేరిట ఏదీ నమోదు కాలేదన్నారు. ఇంటికొచ్చి పక్కింటి అక్క మీటరు చూశాను. ఎదురింటివాళ్లది చూశాను. మూడింటి మీదా ఒకటే నంబరు. అంకెకు అంకె అదే. గోరుతో గీకితే మా మీటరు మీది నంబరు స్టిక్కరు లాగా లేచి వచ్చింది.

అతని ఫోను అప్పటికే పని చేయడం లేదు. వినియోగదారుల హెల్ప్‌లైను 1915కి ఫోన్ చేద్దామనుకుంటే, ఎవరి మీదని చెప్పాలి? అడ్రసు లేని రసీదుతో ఎవరిని పట్టుకుంటాం? ముగ్గురం కలిసి స్టేషన్లో కాగితం ఇచ్చి వచ్చాం.

రెండోసారి కొన్నప్పుడు చేసినవి చెప్తాను. ముందు జలమండలి కస్టమర్ కేర్ 155313కి ఫోన్ చేసి, మీటర్లు బిగించడానికి బోర్డు అనుమతి ఉన్న ఏజెన్సీలు ఏవో కనుక్కున్నాను. మీటరు చేతికి తీసుకుని ఐఎస్‌ఐ గుర్తు పైన ఐఎస్ 779 (ఇళ్ల నీటి మీటర్ల ప్రమాణం నంబరు) అని ఉందా, కింద సీఎం/ఎల్ నంబరు ఉందా చూశాను. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీ లైసెన్సో వస్తుంది, మీటరు మీది పేరూ అదే అయ్యుండాలి. క్రమ సంఖ్య ఒంటి మీద చెక్కి ఉండాలి, అంటించి కాదు. అదే నంబరు నా కళ్ల ముందు రసీదులో రాయించాను. బాణం గుర్తు నీళ్లు పారే వైపు, మీటరు నేలకు సమంగా పెట్టించాను. పాతది వాలుగా పెట్టి ఉందని అప్పుడే తెలిసింది. నీళ్లొచ్చే రోజు పొద్దున్నే రమ్మన్నాను, ఐదు క్యాన్లు పట్టి చూశాకే డబ్బులిచ్చాను. ఏజెన్సీ కుర్రాడు కొంచెం విసుక్కున్నాడు, విసుక్కోనీ. తర్వాతి బిల్లులో రీడింగ్ వచ్చేదాకా రసీదు ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టుకున్నాను.

అపార్ట్‌మెంట్లలో కొత్తగా ఫ్లాటు కొన్నవాళ్లకు ఒక మాట. అక్కడ బిల్డింగుకంతా కలిపి మీటరు ఉన్నా ఉచితం ఫ్లాటు లెక్కన ఇస్తారు, ఒక్కో ఫ్లాటు ఆస్తిపన్ను నంబరు, ఆధార్ లింకు కావాలి. మీరు కొన్న ఫ్లాటు మీద ఇంకా పాత ఓనరు వివరాలే ఉన్నాయేమో రిజిస్ట్రేషన్ అయిన వారంలోనే అసోసియేషన్‌లో అడగండి.

ఆ పాత మీటరు పారేయలేదు. అత్తయ్య దాన్ని దోసెల పిండి గిన్నె మూత మీద బరువుగా పెడుతోంది. నిన్న మా పనిమనిషి చెప్పింది, రైల్వే ట్రాక్ అవతలి కాలనీలో నీలం చొక్కా అతను గేటు గేటుకూ తిరుగుతున్నాడట. మీ గేటు దగ్గరికి వస్తే లోపలికి రానివ్వకముందే బ్యాగులోంచి రెండు మీటర్లు బయటికి తీయమని, రెండింటి నంబర్లూ పక్కపక్కన పెట్టి చూడండి.