గాంధీ రోడ్డు వెనక సందులో నగల కొట్టు: నాలుగు స్టార్లు

ముందే చెప్తున్నా, కొత్త కొత్త డిజైన్లు కావాలంటే ఈ కొట్టుకు పోవద్దు. తిరుపతి గాంధీ రోడ్డు వెనక సందులో ఉంటుంది, బండి పెట్టడానికి చోటు లేదు, లోపల నలుగురు కూర్చుంటే ఐదోవాడు మెట్ల మీద నిలబడాలి. తరుగు కూడా పెద్ద షోరూంల కంటే ఏమంత తక్కువ కాదు, ఎంత బేరమాడినా దిగలేదు. అయినా నాలుగు స్టార్లు ఇస్తున్నా.

పాపకు చెవులు కుట్టించాలని ఎర్రరాళ్ల కమ్మలు చూశాం. హాల్‌మార్క్ (బంగారం స్వచ్ఛతకు వేసే ముద్ర) ఉందా అని అడిగితే "ఇవి రెండు గ్రాముల లోపల సామీ, వీటికి ముద్ర తప్పనిసరి కాదు, వేయించలేదు" అని పెద్దాయన ఉన్నదున్నట్టు చెప్పేశాడు. నిజమే, రెండు గ్రాముల లోపు వస్తువులకు ఆ రూలు లేదు. చాలా చోట్ల ఈ మాట అడిగితే నీళ్లు నములుతారు, లేదంటే "అంతా 916 సార్" (అంటే 22 క్యారెట్లు) అని దాటేస్తారు. ఈయన తూకం వేస్తే 1.820 గ్రాములు వచ్చింది, అందులో రాళ్ల బరువు 0.160 తీసేసి 1.660కే బంగారం రేటు కట్టాడు, రాళ్ల ధర విడిగా రాశాడు, బిల్లు మీద 22 క్యారెట్లు అని వేసి సంతకం పెట్టాడు. అంతకుముందు చూసిన షోరూంలో (పేరెందుకులెండి) రాళ్లతో కలిపి తూచి మొత్తానికీ బంగారం రేటే వేశారు, ఇదేంటని అడిగితే సిస్టమ్ అలాగే తీసుకుంటుందట!

మా ఆవిడ గొలుసు కూడా ఇక్కడే తీసుకుంది. దానికి బీఐఎస్ (హాల్‌మార్క్ చూసే ప్రభుత్వ సంస్థ) గుర్తు, 22కే916, ఏ నగకు ఆ నగకు విడిగా ఇచ్చే ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ నంబరు మూడూ ఉన్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ నంబరు లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. కొక్కెం దగ్గరున్న నంబరును భూతద్దంలో చూపించి "మీ ఫోన్లోనే కొట్టి చూసుకోండి" అన్నాడు. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ రకం, స్వచ్ఛత, ముద్ర వేసిన సెంటర్ అన్నీ వచ్చాయి. అయితే నాకు నమ్మకం కుదిరింది గొలుసుతో కాదు, కమ్మలతోనే. యాప్‌లో దొరికిపోయే చోట ఎవడైనా నిజాయితీగానే ఉంటాడు.

ఒక స్టారు ఎందుకు కోశానంటే, చెవులు కుట్టే మనిషి వస్తాడని చెప్పి పసిబిడ్డతో గంటకు పైగా కూర్చోబెట్టారు, అతను రానేలేదు. కుట్టించాలనుకునేవాళ్లు ముందు ఫోన్ చేసి కనుక్కుని పోండి. కార్డు తీసుకోరు, ఫోన్‌పే ఉంది.