మళ్లీ తయారీలోకి వచ్చిన రివాల్వర్: మూడేళ్ల వాడకం తర్వాత

కంపెనీ పేరు రాయను. ఎప్పుడో ఆపేసిన పాత మోడల్‌ని ఈమధ్య మళ్లీ మొదలుపెట్టారు, .357 మాగ్నమ్ అనే తూటాకి చేసింది, ఆరు తూటాలు పడతాయి. అంతవరకు చాలు. మూడేళ్లలో 2,200 తూటాల దాకా పేల్చాను, ఎక్కువగా .38 స్పెషలే (ఇందులోనే పట్టే, బలం తక్కువున్న తూటా).

గత అక్టోబరులో ఒక శనివారం, డాలస్ దగ్గర మేం వెళ్లే రేంజ్‌లో నాలుగు పేల్చాక ట్రిగ్గర్ బిగుసుకుపోయింది. బలంగా లాగితే కదిలేదేమో, లాగలేదు. సిలిండర్ (తూటాలు పెట్టే, గుండ్రంగా తిరిగే భాగం) తెరుద్దామంటే బొటనవేలితో నెట్టే లాచ్ సగంలోనే ఆగిపోతోంది. లోపల రెండు తూటాలు అలాగే ఉన్నాయి. బ్యారెల్‌ని టార్గెట్ వైపే ఉంచి, ఎడమ చెయ్యెత్తి రేంజ్ ఆఫీసర్‌ని పిలిచాను. అరచేతులు చెమట పట్టేశాయి.

ఆయన చూడగానే ఎజెక్టర్ రాడ్ వదులైందన్నాడు. కాల్చేసిన తూటాల ఖాళీ కేసుల్ని బయటికి నెట్టే రాడ్ అది, మరతో బిగించి ఉంటుంది. పేల్చిన ప్రతిసారీ అదురుకు కాస్త కాస్తగా ఊడి పొడుగైతే ముందువైపు లాక్‌కి తన్నుకుంటుంది, ఇక సిలిండర్ తెరుచుకోదు. ఈ తుపాకీలో రాడ్‌ని చుట్టూ కప్పేశారు కాబట్టి సిలిండర్ మూసి ఉన్నప్పుడు వేళ్లతో తిప్పి బిగించే వీల్లేదు. సన్నటి రేకు ముక్కని ఆ సందులోకి దూర్చి, లాక్‌ని ముందుకి నొక్కి, పది నిమిషాలు తంటాలు పడితే తెరుచుకుంది.

నా కోపం ఎక్కడంటే, ఇది కొత్త జబ్బు కాదు. అమెరికా తుపాకుల కంపెనీ స్మిత్ అండ్ వెసన్ వాళ్లు 1960 ప్రాంతంలోనే ఇందుకోసం తమ రాడ్‌కి ఎడమ మర (ఎడమవైపు తిప్పితే బిగిసేది) పెట్టారు. అరవై ఏళ్ల కిందటే తెలిసిన విషయాన్ని ఇంత డబ్బు తీసుకుని ఇప్పుడు అమ్మే తుపాకీలో చూసుకోకపోతే ఎలా?

సర్వీసుకి పంపితే ఆరు వారాలు పట్టింది. తిరిగొచ్చాక నాలుగొందల తూటాలకి మళ్లీ వదులైంది. ఈసారి నేనే బిగించాను: చాంబర్లన్నిట్లో, అంటే సిలిండర్‌లో తూటాలు పట్టే రంధ్రాల్లో, ఖాళీ కేసులు పెట్టి (లేకపోతే వెనకున్న నక్షత్రం లాంటి ముక్క మెలిపడుతుంది), మరకి ఒక్క చుక్క థ్రెడ్ లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) వేసి. అప్పట్నుంచి కదల్లేదు.

కొన్న కొత్తలో దీని ట్రిగ్గర్ వెన్నలా ఉందని స్నేహితులందరికీ చెప్పాను. ఉంది, కాదనను. కానీ ఆ మెత్తదనం చాలావరకు స్ప్రింగ్ తేలిగ్గా ఉండడం వల్లే, దాంతో దెబ్బ బలం తగ్గి, గట్టి ప్రైమర్ (తూటా అడుగున దెబ్బకి అంటుకునే చిన్న బిళ్ల) ఉన్న తూటాలు వేస్తే యాభైకి ఒకటి పేలడం లేదు. ప్రైమర్ మీద చిన్న గుంట పడి ఊరుకుంటుంది. మెత్తటి ప్రైమర్ ఉన్నవి కొంటే ఆ బాధ లేదు, నేనిప్పుడు అవే కొంటున్నాను.

రివాల్వర్ మొరాయించదని మనవాళ్లకి గట్టి నమ్మకం. మా పెదనాన్న దగ్గర కాన్పూర్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ ఉండేది, ఎన్నికలొచ్చినప్పుడల్లా స్టేషన్‌లో అప్పగించి తెచ్చుకునేవారు. జన్మలో పాతిక తూటాలైనా పేల్చి ఉండరు. అలా వాడితే ఏ లోపమైనా ఎలా బయటపడుతుంది?

నా మటుకు ఇది రేంజ్‌కే. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, అన్నీ సేఫ్‌లోనే ఉంటాయి. రాత్రిపూట అవసరానికని పెట్టుకున్నది మాత్రం వేరే తుపాకీ. దగ్గర్లో తుపాకులు బాగుచేసే మంచి గన్‌స్మిత్ ఉండి, గురి కోసం సరదాగా కాల్చేవాళ్లయితే కొనుక్కోవచ్చు. కొన్న రోజే సిలిండర్ తెరిచి రాడ్‌ని తిప్పి చూడండి, తర్వాత రెండొందల తూటాలకోసారి.