తుఫాను బొమ్మలో హీరో ఎక్కడ నిలబడాలి?

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఒడిశా వైపు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి జనం పోయారు. అలాంటి విపత్తు మీద ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం తెలుగు కుర్రాళ్లు అభిమాన హీరో బొమ్మ గీయాలంటే రెండు దారులున్నాయి.

మునిగిన ఊరి మీద కొండంత హీరో గాలికి అడ్డు నిలబడటం ఒకటి. లైకులు బాగానే పడతాయి. కానీ అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లకు ఆ బొమ్మ గుచ్చుకుంటుంది. వాళ్లవాళ్లను ఎవరూ కాపాడలేదు కదా!

రెండోది, లుంగీ ఎగ్గట్టి బియ్యం బస్తాలు మోసేవాళ్ల వరసలో హీరో కూడా ఒకడు. పక్కన కూలిన జీడిచెట్టు, ఎగిరిపోయిన రేకులు, దండెం మీద ఆరేసిన బడి పుస్తకాలు. ఇవి గీయాలంటే ఊరిని దగ్గరగా చూసుండాలి. నా ఓటు దీనికే.

శవాలు, ఏడ్చే పసిపిల్లల ముఖాలు మాత్రం రెండింటిలోనూ వద్దు.