‘వైరింగ్ అంతా కొత్తదే’ అని చెప్పి అమ్మే పాత ఇళ్లతో జాగ్రత్త

పాత ఇల్లు కొనే ఆలోచనలో ఉన్నవాళ్లందరికీ ఈ విషయం తెలియాలని రాస్తున్నాను. మాకు ఇల్లు అమ్మినవాళ్లు “వైరింగ్ మొత్తం కొత్తగా వేయించాం, మీరు ఇక చూసుకోనక్కర్లేదు” అన్నారు. తళతళలాడే స్విచ్ బోర్డులు, మూడు రంధ్రాల సాకెట్లు, కొత్త ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే పడిపోయి సరఫరా ఆపే స్విచ్) పెట్టె చూసి మేమూ నమ్మేశాం.

చేరిన నాలుగో నెలలో ఒక సాయంత్రం ఫ్రిజ్ ఆగిపోయింది. ఏమైందో చూద్దామని మా అమ్మ పిడి పట్టుకోగానే షాక్ కొట్టి వెనక్కి పడిపోయింది. కాళ్లకు రబ్బరు చెప్పులు ఉండబట్టి ప్రాణం దక్కింది. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు వణుకుతాయి.

మర్నాడు ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి సాకెట్ విప్పారు. కొత్త వైరు జానెడే ఉంది! దాని వెనుక, పైపు మొదట్లో, టేపు చుట్టిన అతుకు. అతుకు అవతల గోడలోకి పోతున్నదంతా పాత వైరే. రబ్బరు తొడుగు, దాని మీద నూలు అల్లిక. ఆయన వేలితో నొక్కగానే అది పెచ్చులు పెచ్చులుగా రాలి లోపలి రాగి తీగ బయటపడింది. ఏ గదిలో విప్పినా ఇదే.

ఎర్త్ పిన్ను దగ్గర చేసింది ఇంకా ఘోరం. ఆ పైపుల్లో మొదటి నుంచీ ఉన్నవి రెండే వైర్లు, లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్త్ వైరు లేనే లేదు. కొత్తగా లాగే బదులు, సాకెట్ లోపలే న్యూట్రల్ (కరెంటు వెనక్కి పోయే వైరు) నుంచి ఎర్త్ పిన్నుకు చిన్న తీగ ముక్క కలిపేశారు. న్యూట్రల్ బాగున్నంత కాలం తేడా తెలియదు. సాకెట్లో పెట్టి చూసే మూడు దీపాల టెస్టర్ కూడా అంతా సరిగ్గానే ఉందని చూపిస్తుంది. మా ఇంట్లో అతుకు వదులై న్యూట్రల్ తెగిపోయింది. ఫ్రిజ్‌లోకి వెళ్లిన కరెంటుకు వెనక్కి పోయే దారి లేక, ఆ తీగ ముక్క గుండా ఫ్రిజ్ ఇనుప ఒంటికి ఎక్కింది. ఎంసీబీ పడిపోలేదు. దాని పని వైరు కాలిపోకుండా కాపాడడమే, మనిషి ఒంట్లోంచి పోయే కొద్దిపాటి కరెంటును అది పట్టుకోలేదు. పట్టుకునేది, కరెంటు కొంచెం లీకైనా సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. మా పెట్టెలో అది లేదు. పైగా దీపాలకు వేసిన 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకు 32 ఆంపియర్ల ఎంసీబీ పెట్టారు. వైరు కాలిపోతున్నా అది కదలదు.

దయచేసి అడ్వాన్సు ఇవ్వకముందే మీ తరఫున ఒక ఎలక్ట్రీషియన్‌ను తీసుకెళ్లండి. మెయిన్ ఆపించి నాలుగైదు బోర్డులు విప్పించండి, వంటగదిలోది మాత్రం వదలకండి. పైపులోంచి వచ్చే వైరే నేరుగా స్క్రూ కిందికి వచ్చిందా, మధ్యలో అతుకుందా చూడండి. ఎర్త్ వైరు విడిగా మెయిన్ దాకా వెళ్లిందో లేదో చూపించమనండి. బల్బులు, ప్లగ్గులు అన్నీ తీసేసి, వైరు తొడుగు ఎంత బాగుందో కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో పరీక్ష చేయించి, అంకెలు కాగితం మీద రాయించుకోండి. 1 మెగోమ్ కంటే తక్కువ వస్తే ఆ వైరింగ్‌ను నమ్మకండి. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కి చూపించి “ఎర్త్ బాగుంది” అంటే ఒప్పుకోకండి, ఎర్త్ లేకపోయినా ఆ బటన్ పనిచేస్తుంది.

బోర్డులు విప్పనివ్వం అనేవాళ్ల ఇల్లు కొనకండి. మేము ఇప్పుడు గోడలు కొట్టించి, మూడు వైర్లతో మొదటి నుంచీ వేయిస్తున్నాం. పూత పడేముందు ప్రతి పైపునూ ఫొటో తీసి దాచుకుంటున్నాను.