నడుస్తూ నడుస్తూ ఆగిపోయే పాత కారుకి జైపూర్‌లో ఒక షెడ్డు

ఒడిశాలోని జైపూర్ నుంచి కొరాపుట్ వెళ్ళే రోడ్డులో టైర్ల కొట్లు దాటాక ఎడమచేతి వైపు రేకుల షెడ్డు ఒకటుంది. బోర్డు ఒడియాలో, అదీ సగం వెలిసిపోయి. మెకానిక్ మాత్రం సాలూరు వైపు మనిషి. మీ పాత పెట్రోలు కారు దారిలో ఉన్నట్టుండి ఆగిపోతుంటే, ఎంతమందికి చూపించినా కారణం తేలకపోతే, అతని దగ్గరికి తీసుకెళ్ళండి. ఏసీ పనికో, డెంటింగుకో, గంటలో సర్వీసు చేసి ఇచ్చేయమనడానికో అయితే వెళ్ళొద్దు. అతనే పొమ్మంటాడు.

నాది బ్లౌజు గుడ్డలు, ఫాల్స్, లైనింగుల కొట్టు. సరుకు విజయనగరం నుంచి నేనే కారులో తెచ్చుకుంటాను. బండి 2006 మోడల్, కొరాపుట్ ఓఆర్-10 నంబరు. 15 ఏళ్ళు నిండాక ఫిట్‌నెస్ చేయించి ఆర్‌సీ ఇంకో 5 ఏళ్ళకి రెన్యువల్ చేయించుకున్నాను కాబట్టి, "అమ్మేయొచ్చు కదా" అనే సలహా నాకు అక్కర్లేదు.

పొద్దున్న ఏ పేచీ లేకుండా స్టార్టవుతుంది. ఎండెక్కి, ఇంజను బాగా కాగాక, ఎక్కడో ఒకచోట ఠక్కున ఆగిపోతుంది. దగ్గడం, గుంజడం ఏమీ ఉండదు. అరగంట నీడలో పెడితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టు. ఓసారి సరిగ్గా సునాబెడలో ఆగింది. మిగ్ విమానాలకి ఇంజన్లు తయారుచేసే ఊరు అది! చూడ్డానికి దిగిన లారీవాళ్ళు నా మొహం మీదే నవ్వారు.

సుంకి ఘాటు దిగుతుండగా ఆగినప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాదు. అలవాటు కొద్దీ క్లచ్ తొక్కేస్తే, చక్రాలతో పాటు తిరిగే ఇంజను కాస్తా పూర్తిగా నిలిచిపోతుంది. పవర్ స్టీరింగు సాయం పోయి, రెండు చేతులా బలంకొద్దీ తిప్పితే గానీ స్టీరింగు తిరగదు. బ్రేకు తొక్కడం తేలిక చేసే బూస్టర్లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్ళకే సరి, ఆ తర్వాత పెడల్ గట్టిపడిపోతుంది. అందుకని మాటిమాటికీ తొక్కి వదలకుండా, ఒక్కసారే గట్టిగా నొక్కిపట్టి పక్కకి తీయాలి. బండి పూర్తిగా ఆగేదాకా తాళం తీయకూడదు, స్టీరింగు లాకైపోతుంది. కొండదారిలో పాత బండి నడిపే ప్రతివాళ్ళూ ఇది తెలుసుకుని ఉండాలి.

ఇక్కడికి రాకముందు తిరిగిన చోట్ల ఒకరు ప్లగ్గులు మార్చారు, ఒకరు పెట్రోలు ఫిల్టరు మార్చారు, మరొకరు ఏకంగా ట్యాంకులో పంపే మార్చేశారు. ఒక పెద్ద సర్వీసు సెంటర్లో అయితే స్కానరు పెట్టి, "కోడ్ ఏమీ లేదు మేడమ్, బండి బావుంది" అని బిల్లు చేతిలో పెట్టారు. కోడ్ రాలేదంటే బండిలోని కంప్యూటరుకి తప్పు దొరకలేదనే అర్థం. తప్పు లేదని కాదు. పాత బళ్ళలో దానికి దొరికేవే తక్కువ.

ఈ షెడ్డులో మొదట బానెట్టే ఎత్తలేదు. స్టూలు జరిపి కూర్చోమన్నాడు.

"ఆగినప్పుడు డాష్‌బోర్డులో ఎర్ర లైట్లు వెలిగాయా అక్కా, అవీ ఆరిపోయాయా?"

"వెలిగే ఉన్నాయి."

"అయితే తాళం స్విచ్చి మీద అనుమానం తక్కువ. ఇంజను స్పీడు చూపించే ఆర్‌పీఎం ముల్లు మెల్లగా దిగిందా, ఒక్కసారే పడిపోయిందా?"

"ఒక్కసారే."

"మళ్ళీ సెల్ఫ్ కొట్టినప్పుడు ముల్లు ఏమైనా కదిలిందా?"

కదల్లేదు. ఇంతమందిలో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఇంజను తిరుగుతోందని కంప్యూటరుకి చెప్పేది క్రాంక్ సెన్సారు. అది మూగబోతే, ఇంజను తిరగడం లేదనుకుని కంప్యూటరు స్పార్కూ పెట్రోలూ రెండూ ఆపేస్తుంది. మా బండిలో ముల్లుకి కబురందేది కూడా అక్కణ్ణించే. పంపు వీకయితే వరస వేరట, ఎత్తు ఎక్కలేక గుంజి గుంజి ఆగుతుంది. బ్రేకు వేసి క్లచ్ తొక్కగానే ఆగితే ఇంజనుకి గాలి వదిలే థ్రాటిల్ బాడీలో మసి, బండి నిలబడ్డప్పుడు ఇంజను ఆగకుండా చూసే ఐడిల్ వాల్వు చూసుకోవాలి.

"అయితే ఆ సెన్సారు మార్చేయొచ్చు కదా" అన్నాను.

"అనుమానానికి డబ్బులెందుకు పెడతావక్కా? బండి వదిలేయి. నా ముందు ఆగనీ."

నాకు నచ్చింది ఇక్కడే. పెట్రోలు లైనుకి ప్రెషరు మీటరు తగిలించి ఎండలో ఇంజను ఆన్ చేసి ఉంచాడు. ఫ్యాను తిరిగి, ఆగి, మళ్ళీ తిరిగాక, చివరికి బండి ఆగింది. మీటరు 3 బార్ల పైనే నిలబడి ఉంది, అంటే పంపు నుంచి లైనులోకి పెట్రోలు సరిగ్గానే వస్తోంది. విడి ప్లగ్గు పెట్టి సెల్ఫ్ కొడితే స్పార్కు లేదు. సెన్సారు మీద తడిగుడ్డ వేసి కాసేపాగి కొట్టాడు, స్టార్టయింది!

అంతటితో కూడా తృప్తి పడలేదు. సెన్సారు విప్పి మల్టీమీటరు పెడితే చల్లగా ఉన్నప్పుడు లోపలి తీగ రెసిస్టెన్సు ఎనిమిది వందల చిల్లర ఓమ్‌లు చూపించింది. పక్క బ్యూటీ పార్లర్ నుంచి హెయిర్ డ్రయ్యర్ తెప్పించి దాని మీద వేడిగాలి కొట్టించాడు. అంకెలు మెల్లగా పెరుగుతూ పెరుగుతూ, ఉన్నట్టుండి మాయమయ్యాయి. లోపలి తీగ వేడికి సాగి, ఎక్కడో విడిపోతోందన్నమాట. చల్లారగానే అతుక్కుంటోంది, అంకెలు మళ్ళీ వచ్చాయి. నా కళ్ళతో చూశాను. ఈలోగా పార్లర్ అమ్మాయి వచ్చి, "అన్నా, లోపల కస్టమరు తడితలతో కూర్చుంది" అని డ్రయ్యర్ లాక్కుపోయింది.

సెన్సారు ఇక్కడ దొరకలేదు. విశాఖ నుంచి రాత్రి బస్సు పార్శిల్లో తెప్పించాడు. సగం ధరకి వచ్చే రకం వేయమంటే ఒప్పుకోలేదు. సైలెన్సరు వేడికి వైరు పైతొడుగు పెళుసెక్కి ఉంటే ఆ ముక్క కూడా కోసి కొత్తది అతికాడు. సెన్సారు 1,650 రూపాయలు, పని కూలి మొత్తం 700. అంతకుముందు నా చేత మార్పించిన పంపు ధరలో ఇది సగం కూడా కాదు. పాత సెన్సారు కవర్లో వేసి చేతికిచ్చాడు. ఆ తర్వాత నిండు వేసవిలో, డిక్కీ నిండా సరుకుతో సుంకి ఘాటు ఎక్కాను. ఎక్కడా ఆగలేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఫోను ఎత్తడు. ఎత్తితే "అవుతాది" అంటాడు, ఎప్పటికో చెప్పడు. సామాను బస్సు మీద రావాలి కాబట్టి బండి ఇంటికొచ్చేసరికి నాకు కొట్లో ఫాల్స్ నిండుకున్నాయి. బిల్లు క్యాలెండరు కాగితం వెనక రాసిచ్చాడు. వారంటీ అంటే "నేనిక్కడే ఉంటాను కదక్కా" అంటాడు. డీజిల్ బండి ముట్టుకోడు. ఆడవాళ్ళు కూర్చోడానికి ఆ స్టూలు తప్ప చోటు లేదు, అది కూడా గ్రీజు మరకలతో ఉంటుంది, మంచి చీర కట్టుకుని వెళ్ళకండి.

వెళ్ళేముందు ఒక పని చేయండి. బండి ఆగినప్పుడు పక్కకి తీశాక, సెల్ఫ్ కొడుతూ డాష్‌బోర్డుని ఫోనులో వీడియో తీసి ఉంచుకోండి. అతను మొదట అడిగేది అదే. ఫోన్ పే తీసుకుంటాడు. మంగళవారం సెలవు.